టెర్మినల్‌లో ఫైలు చదవాలంటే ఏది వాడాలి: ఫోల్డా, ఎఫ్ఎంటీనా, ప్యాన్‌డాకా?

నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లులకీ రొయ్యల హేచరీలకీ చిన్న సర్వర్లు పెట్టి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. ఆ మెషిన్లకు మానిటర్ ఉండదు. ఉన్నా ఏ గోనెసంచుల వెనకో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. పనంతా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచే సర్వర్ టెర్మినల్‌లోకి వెళ్లే దారి) మీదే, అందులో సగం ఫోన్‌లోంచే. అందుకే టెక్స్ట్ ఫైలుని తెర మీద చదవడానికి వీలుగా ఎలా సర్దుకోవాలని నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. ‘ఏ కమాండు మంచిదన్నా?’ అంటారు. మీ ఫైల్లో లైను ఎక్కడ ముగిసిందన్నదానికి అర్థం ఉందా, లేదా? ఇది తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

ఉత్తరం, హేచరీలో నీళ్లు మార్చే పద్ధతి మీద రాసుకున్న నోట్సు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రీడ్‌మీ లాంటి వాటిలో లైను ఎక్కడ తెగినా భావం మారదు. పేరా చెడకపోతే చాలు. కాటా దగ్గర లారీ తూకాల లాగ్, ధరల పట్టీ, పద్యం, కాన్ఫిగ్ ఫైలు అలా కాదు. ప్రతి లైనూ దేనికది. రెండు లైన్లు కలిశాయంటే లెక్క పోయినట్టే. మూడో రకం వర్డ్ ఫైలు, హెచ్‌టీఎంఎల్, మార్క్‌డౌన్ (శీర్షికల్నీ జాబితాల్నీ హాష్, నక్షత్రం లాంటి గుర్తులతో రాసే పద్ధతి). వీటి రూపం లైన్లలో కాదు, గుర్తుల్లో ఉంటుంది. మొదటి రకానికి వాడాల్సిన కమాండుని రెండో రకం మీద వాడితే ఏమవుతుందో చూడాలంటే, కాటా లాగ్ కాపీ ఒకటి తీసుకుని, పేరాలు సర్దే ఎఫ్ఎంటీ కమాండుకి ఇవ్వండి. పొద్దుటి నుంచి దిగిన లారీలన్నీ కలిసి ఒకే పేరా అయి కూర్చుంటాయి.

ఇంకో మాట. ఇక్కడ కమాండ్ల పేర్లు, ఆప్షన్లు పలికినట్టే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.

వెడల్పు సంగతి ముందు

ఒక్కో కమాండు తనకు తోచిన వెడల్పు పెట్టుకుని కూర్చుంటుంది. ఏమీ చెప్పకపోతే ఫోల్డ్ 80 గళ్లకు (గడి అంటే తెర మీద ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే జాగా) కోస్తుంది, ఎఫ్ఎంటీ 75 దాటనివ్వదు, కాగితం పేజీలు చేసే పీఆర్‌కీ, ఫైలు రూపాలు మార్చే ప్యాన్‌డాక్‌కీ 72. ఈ 80 అన్న అంకె 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరుసల పంచ్ కార్డు నాటిది. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కూడా 80 గళ్లు, 24 లైన్లతోనే మొదలైంది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే, ఫాంటు సైజుని బట్టి, అందులో సగమే పడుతుంది.

అందుకని అంకెని గుర్తుపెట్టుకుని కొట్టొద్దు. ‘టీపుట్ కాల్స్’ అని కొడితే ఇప్పుడున్న తెర ఎన్ని గళ్లో చెబుతుంది. డాలరు గుర్తు, బ్రాకెట్ల మధ్య దాన్ని పెట్టి, వెడల్పు చెప్పే ‘-డబ్ల్యూ’ ఆప్షన్‌కి ఇస్తే ఫోన్ అడ్డం తిప్పినా, నిలువు తిప్పినా వెడల్పు దానంతటదే సరిపోతుంది. పెద్ద మానిటర్‌కి మాత్రం ఈ సలహా పనికిరాదు. 200 గళ్ల పొడుగు లైను చదువుతూ పోతే, లైను చివరి నుంచి తర్వాతి లైను మొదటికి వచ్చేసరికి కన్ను తప్పిపోతుంది. టేబుల్ ముందు కూర్చున్నప్పుడు నేను 70 దాటనివ్వను. మ్యాన్ పేజీలు (కమాండ్ల సహాయ పత్రాలు) కూడా తెరంతా పరుచుకుంటుంటే మ్యాన్‌విడ్త్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 72 పెట్టండి. దాని పేరు మాత్రం అన్నీ పెద్ద అక్షరాలే.

ఫోల్డ్, ఎఫ్ఎంటీ

అందరూ తికమకపడేది ఈ రెంటి దగ్గరే. రెండూ ఒకటే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి, కానీ చేయవు.

ఫోల్డ్‌కి పేరా అంటే ఏందో తెలీదు. ఇన్ని గళ్లు దాటితే కొయ్యి, అంతే. గజంబద్ద పెట్టి గుడ్డ కోసినట్టు, కింద పువ్వు ఉందో అంచు ఉందో దానికి పట్టదు. ‘-ఎస్’ ఇస్తే ఖాళీ ఉన్న చోట చూసి తెంపుతుంది, ఇవ్వకపోతే మాట మధ్యలోనే తెంపుతుంది. కాబట్టి ‘-ఎస్’ లేకుండా ఫోల్డ్ వాడే అవసరం దాదాపు రాదు. అయితే దానికి ఒక మంచి గుణం ఉంది. ఉన్న లైన్లను ఎప్పుడూ కలపదు. లాగ్ ఫైలు, కాన్ఫిగ్ ఫైలు, పద్యం ఏదిచ్చినా పొడుగు లైను రెండు ముక్కలవుతుందే గానీ, రెండు లైన్లు ఒకటి కావు. ఫైలు ఎలాంటిదో తెలియనప్పుడు ముందు ఫోల్డ్‌తో చూడమనేది అందుకే.

ఎఫ్ఎంటీ పేరాని చూస్తుంది. పొట్టి లైన్లను కలుపుతుంది, పొడుగు వాటిని విడదీస్తుంది, అంచులు వీలైనంత సమంగా వచ్చేలా సర్దుతుంది. ఖాళీ లైనునీ, లైను మొదట్లో వదిలిన జాగానీ అలాగే ఉంచుతుంది. ఎవరో 70 గళ్లకు కోసి పంపిన ఉత్తరాన్ని ఫోన్‌లో 45 గళ్లకు ఫోల్డ్ చేసి చూడండి. ఒక పొడుగు లైను, ఒక పొట్టి లైను, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. చదవబుద్ధి కాదు. అదే ఎఫ్ఎంటీకి ‘-డబ్ల్యూ 45’ అనిస్తే మొదటి నుంచీ 45కే రాసినట్టు వస్తుంది.

దాని తిప్పలు దానికున్నాయి. హైఫన్ పెట్టి ఒకదాని కింద ఒకటి రాసిన జాబితాను, మధ్యలో ఖాళీ లైన్లు లేకపోతే, పేరా అనుకుని మొత్తం కలిపేస్తుంది. ‘మేత – ఉదయం’, ‘మేత – సాయంత్రం’, ‘ఏరేటర్ – రాత్రి’ అని విడివిడిగా రాసుకున్నవి ఒకే వాక్యంలా అతుక్కుపోతాయి. అలాంటి ఫైలుకి ‘-ఎస్’ ఇవ్వండి. ఎఫ్ఎంటీలో ‘-ఎస్’ అంటే ‘పొడుగు లైన్లు విడదియ్యి, పొట్టివి కలపొద్దు’ అని అర్థం. ఫోల్డ్‌లోని ‘-ఎస్’కీ దీనికీ సంబంధం లేదు, అక్షరం ఒకటే గానీ పని వేరు. లైను చివర చుక్క ఉండి, అది తర్వాతి లైనుతో కలిస్తే, చుక్క తర్వాత రెండు ఖాళీలు వస్తాయి. పాత టైప్‌రైటర్ అలవాటు అది. తప్పేమీ కాదు గానీ, తెలియని వాళ్లు ఫైలు చెడిందని కంగారు పడుతుంటారు.

ఎఫ్ఎంటీలో ఎక్కువమందికి తెలియని ఆప్షన్ ‘-పీ’. స్క్రిప్టులో హాష్ గుర్తుతో మొదలయ్యే కామెంట్లను మాత్రమే సర్ది, మిగతా కోడ్‌ని ముట్టుకోవద్దని చెప్పొచ్చు. ఇంగ్లీషులో కామెంట్లు బాగా రాసే అలవాటున్నవాళ్లకు ఎఫ్ఎంటీని ఎంచుకోవడానికి ఇదొక్కటి చాలు.

పార్ అని మూడోది ఉంది. 1993లో ఆడమ్ కాస్టెల్లో రాసింది. పేరాని ఎఫ్ఎంటీ కన్నా అందంగా సర్దుతుంది, రెండు అంచులూ సమం చేయగలదు, ఈమెయిల్లో ‘>’ గుర్తుల వెనకున్న పాత మాటల్ని గుర్తుపట్టి వాటిని విడిగా సర్దుతుంది. దాని ఆప్షన్లు మాత్రం ఎంతకీ కొరుకుడు పడవు. మెయిల్ కూడా టెర్మినల్‌లోనే చదివేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

తెలుగు ఉంటే కథ మారుతుంది

ఇప్పటిదాకా చెప్పింది ఇంగ్లీషు ఫైళ్ల సంగతి. కావలిలో నాతో పనిచేసే కుర్రాడొకడు ఫోన్ చేసి, ‘అన్నా, ఫోల్డ్ పెడితే మనవాళ్ల పేర్లన్నీ ముక్కలైపోయినాయే, మధ్యలో డైమండ్ గుర్తులొచ్చినాయ్’ అన్నాడు. ‘సర్వర్‌దేం తప్పు లేదబ్బయా, దానికి అక్షరాలు లెక్కపెట్టడం రాదు’ అన్నాను. ఏం జరుగుతుందో మీరే చూసుకోవచ్చు.

ప్రింట్ఎఫ్‌తో ‘నెల్లూరు’ అన్న మాటను, లెక్కపెట్టే కమాండు డబ్ల్యూసీకి పంపండి. ‘-సీ’ (బైట్లు) అంటే 24 అంటుంది. ‘-ఎం’ (గుర్తులు) అంటే 8 అంటుంది. ‘-ఎల్’ (గళ్లు), ఇది పెద్ద అక్షరం, అంటే జీలిబ్‌సీ అనే లైబ్రరీ వాడే మామూలు లైనక్స్‌లో 6 అంటుంది. మన కంటికి కనబడేవి నె, ల్లూ, రు. మూడే.

ఈ నాలుగు అంకెలూ నిజమే. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము కలిపి 8 గుర్తులు కాబట్టి 24 బైట్లు. గళ్ల లెక్కకొస్తే ఎత్వానికీ పొల్లుకీ జాగా లేదు, సున్నా. కొమ్ములకు మాత్రం ఒక్కో గడి ఇస్తారు, ఎందుకంటే యూనికోడ్ వాటిని జాగా తీసుకునే గుర్తుల కింద రాసుకుంది. అలా 6. అదే పద్ధతిలో ‘కావలి’ 15 బైట్లు, 5 గుర్తులు, 3 గళ్లు. దీర్ఘానికీ గుడికీ జాగా లేదు గనుక కంటికి కనిపించినంతే లెక్క వచ్చింది. ‘కందుకూరు’ 24 బైట్లు, 8 గుర్తులు, 8 గళ్లు. నెల్లూరుకీ కందుకూరుకీ బైట్లు సమానం, గళ్లు మాత్రం రెండు తేడా.

ఇప్పుడు ఫోల్డ్ విషయానికి రండి. చాలా లైనక్స్ మెషిన్లలో ఉండే, గ్నూ ప్రాజెక్టు వాళ్ల ఫోల్డ్ లెక్కపెట్టేది బైట్లని. ఫోన్‌లో ‘-ఎస్ -డబ్ల్యూ 40’ అన్నారనుకోండి, అది 40 బైట్లు, అంటే 13 తెలుగు గుర్తులు, ఇంకో గుర్తులో మూడో వంతు. ‘నిర్వహిస్తున్నారు’ అన్న ఒక్క మాటకే 17 గుర్తులు, 51 బైట్లు. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి ‘-ఎస్’ ఏమీ చేయలేదు. ‘నిర్వహిస్తున్’ దాకా పై లైన్లో పడి, తర్వాతి ‘న’లో ఒక బైటు పై లైన్లో, రెండు బైట్లు కింది లైన్లో పడతాయి. ఆ రెండు ముక్కలూ అక్షరాలు కావు కాబట్టి టెర్మినల్ వాటి బదులు ప్రశ్నార్థకమున్న డైమండ్ చూపిస్తుంది. ఇంగ్లీషులో 40 అక్షరాల మాట ఎక్కడా తగలదు. మన భాషలో క్రియాపదానికి ప్రత్యయాలు చేరుతూ పోతే 14 గుర్తులు దాటడం మామూలే. కొన్ని డిస్ట్రోలలోనూ (లైనక్స్ రకాల్లోనూ), మ్యాక్‌లోనూ ఫోల్డ్ బైట్లని కాక అక్షరాలని లెక్కపెడుతుంది. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియాలంటే ఇదే మాటతో పరీక్షించండి, క్షణంలో తేలిపోతుంది.

ఎఫ్ఎంటీ ఇంత దారుణం చేయదు. గ్నూ ఎఫ్ఎంటీ కూడా బైట్లనే లెక్కపెడుతుంది గానీ, ఖాళీ ఉన్న చోట తప్ప ఎక్కడా తెంపదు. అక్షరం చెడదు, లైన్లు మాత్రం మరీ పొట్టిగా వస్తాయి. దానికి మందు వెడల్పు పెంచి ఇవ్వడమే. 60 గళ్ల తెరకు తెలుగు పేరా అయితే ‘-డబ్ల్యూ 190’ దగ్గర మొదలుపెట్టి చూసి సర్దుకోండి. తెలుగూ ఇంగ్లీషూ కలిసిన ఫైల్లో ఇది కుదరదు, ఇంగ్లీషు పేరాలు తెర దాటి పోతాయి.

ప్యాన్‌డాక్ యూనికోడ్ గుర్తుల్లోనే ఆలోచిస్తుంది, ఖాళీ దగ్గరే తెంపుతుంది. పైథాన్‌లోని టెక్స్ట్‌రాప్ కూడా గుర్తులనే లెక్కపెడుతుంది. పొడుగు మాటల్ని కొయ్యొద్దని ‘బ్రేక్ లాంగ్ వర్డ్స్’ అన్నదాన్ని ఫాల్స్ చేస్తే సరి. పైథాన్ దాదాపు ప్రతి మెషిన్లోనూ ఉంటుంది, ప్యాన్‌డాక్ ఉండదు. అందుకని మిల్లు సర్వర్లలో తెలుగు నోట్సులకు టెక్స్ట్‌రాప్‌తో నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి పెట్టుకోవడమే నా ఓటు.

ఇంత చేసినా, చూపించే టెర్మినల్ సరైంది కాకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. కేడీఈ వాళ్ల కాన్సోల్ కాస్త మేలు. ఎంఎల్‌టర్మ్ మన లిపులని కూడా దృష్టిలో పెట్టుకుని చేసింది. గ్రాఫిక్స్ లేని అసలు సిసలు లైనక్స్ కన్సోల్‌లో, అంటే మిల్లులో ఉన్న మానిటర్ మీద నేరుగా, తెలుగు కనిపించాలని ఆశ పెట్టుకోకండి. దాని ఫాంటులో 512 బొమ్మలకు మించి పట్టవు, ఒత్తులు కలిపి చూపే తెలివీ దానికి లేదు. ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చి చూడాల్సిందే. ఇక పది పేజీలు దాటిన తెలుగు పత్రమైతే టెర్మినల్‌లో కుస్తీ పట్టడం దేనికి? హెచ్‌టీఎంఎల్ చేసి ఫోన్ బ్రౌజర్లో చదువుకోండి.

అసలు ఏమీ సర్దకపోతే?

చాలాసార్లు సరైన జవాబు ఇదే. ఫైలుని పేజీలుగా చూపే లెస్ కమాండు తనంతట తానే పొడుగు లైన్లను తెర వెడల్పుకి మడిచి చూపిస్తుంది, ఫైలుని ముట్టుకోదు, ఫోన్ తిప్పితే మళ్లీ మడుస్తుంది. కొత్త వెర్షన్లలో ‘వర్డ్‌ర్యాప్’ ఆప్షన్ ఇస్తే మాట మధ్యలో విరగ్గొట్టకుండా ఖాళీ దగ్గర మడుస్తుంది. పేరాకి ఒకే లైను రాసే అలవాటున్నవాళ్లకి ఇంతకు మించి ఏ కమాండూ అక్కర్లేదు.

పట్టికలకూ లాగ్‌లకూ దీనికి సరిగ్గా ఎదురుది కావాలి. లెస్‌కి పెద్ద ఎస్ ఆప్షన్ ఇస్తే పొడుగు లైన్లను మడవకుండా కుడివైపు దాచేస్తుంది, బాణం మీటతో పక్కకి జరుపుకుంటూ చూడొచ్చు. తూకాల లాగ్‌ని ఫోన్‌లో చూడాలంటే నాకు తెలిసి ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

పట్టికలు: కాలమ్, పీఆర్

ధాన్యం రకం, బస్తాలు, పుట్టి ధర అని కామాలు పెట్టి రాసిన ఫైలు ఉందనుకోండి. కాలమ్ కమాండుకి ‘-టీ’ ఇచ్చి, ‘-ఎస్’ పక్కన కామా పెడితే నిలువు వరుసలు నీటుగా సర్దుకుంటాయి. కొత్త వెర్షన్లో పెద్ద ఆర్ ఆప్షన్‌తో అంకెల వరుసని కుడివైపుకి జరపొచ్చు. బరువులూ డబ్బులూ ఉన్న పట్టికకి అది తప్పనిసరి.

రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. దానికి కొటేషన్ గుర్తుల సంగతి తెలీదు, ‘"నెల్లూరు, రూరల్"’ అని ఉంటే లోపలి కామా దగ్గర కూడా విడగొడుతుంది. పాత వెర్షన్లలో మధ్యలో గడి ఖాళీగా ఉంటే పక్కపక్కనున్న రెండు కామాల్ని ఒకటిగా లెక్కేసి, కుడివైపువన్నీ ఒక గడి ఎడమకి జరిపేస్తుంది. లారీ నంబరు రాయడం మర్చిపోయిన లైన్లో తూకం వచ్చి నంబరు గడిలో కూర్చుంటుంది, చూసేవాడికి అనుమానం కూడా రాదు. డబ్బు లెక్కలున్న సీఎస్‌వీకి కాలమ్ బదులు మిల్లర్ పెట్టుకోండి, కొటేషన్లూ ఖాళీలూ సరిగ్గా చూసుకుంటుంది. తెలుగు మాటల్ని కాలమ్ గళ్ల లెక్కతోనే సర్దుతుంది, బైట్లతో కాదు. టెర్మినల్ కూడా అదే లెక్క పాటిస్తే వరుస తిన్నగా ఉంటుంది, లేకపోతే ‘కావలి’ దగ్గర బాగుండి ‘నెల్లూరు’ దగ్గర వంకర పోతుంది. నేనైతే తెలుగు గడిని పట్టికలో చివరికి పెట్టేస్తాను. దాని కుడివైపు సర్దడానికి ఏమీ ఉండదు కదా.

పీఆర్ ఇంకో జాతి. 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే ఉన్నది. తెర కోసం కాదు, కాగితం కోసం పుట్టింది. పేజీకి 66 లైన్లు, పైన అయిదు లైన్లు తేదీకీ పేరుకీ, కింద అయిదు ఖాళీ. తెర మీద దీన్ని వాడేది రెండు పనులకే: ‘-టీ’తో శీర్షిక తీసేసి పొట్టి లైన్ల ఫైలుని రెండు మూడు నిలువు వరుసల్లో చూడటానికి, ‘-ఎం’తో రెండు ఫైళ్లని పక్కపక్కన పెట్టుకోవడానికి. వరుసలో పట్టనిదాన్ని చెప్పాపెట్టకుండా కోసేస్తుంది, అది మనసులో పెట్టుకోండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇంకా నడుస్తున్న మిల్లులో మాత్రం పీఆర్ విలువ తెలుస్తుంది. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. 66 లైన్లన్నది 11 అంగుళాల కాగితానికి, అంగుళానికి 6 లైన్ల లెక్క. మన బజారులో దొరికే తోక కాగితం (తెగకుండా మడతలుగా వచ్చేది) ఎక్కువగా 10 బై 12. అంటే 72 లైన్లు. పీఆర్‌ని దాని మానాన వదిలేస్తే ప్రతి పేజీకీ శీర్షిక ఒక్కో అంగుళం పైకి జరుగుతూ, చిల్లుల గీత మీదికీ ఆపైన ముందు పేజీలోకీ ఎక్కిపోతుంది. ప్రింటర్ పాడైందని మెకానిక్‌ని పిలవకముందు ‘-ఎల్ 72’ ఇచ్చి చూడండి.

వర్డ్, హెచ్‌టీఎంఎల్, మార్క్‌డౌన్

ఇక్కడ ప్యాన్‌డాక్‌కి పోటీ లేదు. 2006లో జాన్ మక్‌ఫార్లేన్ మొదలుపెట్టింది. వర్డ్ ఫైలుని ఇచ్చి ప్లెయిన్ రూపం అడిగితే, జాబితాలు జాబితాలుగా, పట్టికలు పట్టికలుగా, కోరిన వెడల్పుకి సర్ది ఇస్తుంది. వెడల్పు ఆప్షన్ పేరు ‘కాలమ్స్’. లైన్లు అసలు తెంపొద్దంటే ‘ర్యాప్’కి నన్ ఇవ్వండి, అప్పుడు మడిచే పని లెస్ చూసుకుంటుంది. కొత్త వెర్షన్లలో ‘ఆన్సీ’ రూపం కూడా ఉంది, శీర్షికలు, బొద్దు మాటలు టెర్మినల్‌లో అలాగే కనిపిస్తాయి.

ప్యాన్‌డాక్‌తో చిక్కులు రెండు. డిస్కులో వంద ఎంబీ పైనే తింటుంది, పాత మెషిన్లో అది చిన్న విషయం కాదు. మామూలు టెక్స్ట్ ఫైలుని దానికిస్తే మార్క్‌డౌన్ అనుకుంటుంది. లైను మొదట్లో హాష్ ఉంటే శీర్షిక అంటుంది, నాలుగు ఖాళీలు ఉంటే కోడ్ అంటుంది, నక్షత్రం గుర్తుల్ని జతలు కలిపి మింగేస్తుంది. సర్దడానికి మార్క్‌డౌన్ కాని ఫైలుని ప్యాన్‌డాక్‌కి ఇవ్వొద్దు. అది ఎఫ్ఎంటీ పని.

పని ఒక్క హెచ్‌టీఎంఎల్‌తోనే అయితే అంత పెద్ద సరుకు దేనికి? డబ్ల్యూ3ఎం అనే టెర్మినల్ బ్రౌజర్ చాలు, ‘-డంప్’ ఇచ్చి ‘-కాల్స్’తో వెడల్పు చెప్పండి. పట్టికలు గీయడంలో అది లింక్స్ (ఎల్-వై-ఎన్-ఎక్స్) అనే ఇంకో బ్రౌజర్ కన్నా నయం. లింక్స్ ఇంకా పాతది, 1992లో కాన్సాస్ యూనివర్సిటీలో పుట్టింది. డంప్ అడిగితే చివర లింకులన్నీ వరుసగా రాసిస్తుంది. అవి కావాలంటే వరం, వద్దంటే ‘-నోలిస్ట్’.

మార్క్‌డౌన్‌కి గ్లో, బ్యాట్ అని రెండు పేర్లు వినిపిస్తాయి. గ్లో మార్క్‌డౌన్‌ని చదివే రూపంలోకి మార్చి రంగుల్లో చూపిస్తుంది, ‘-పీ’ ఇస్తే పేజీలుగా తిప్పుకోవచ్చు. బ్యాట్ మార్చదు, ఉన్న గుర్తుల్ని ఉన్నట్టే ఉంచి రంగులు వేస్తుంది, లైను నంబర్లు ఇస్తుంది. చదవడానికి గ్లో, దిద్దేముందు చూడటానికి బ్యాట్. డెబియన్, ఉబుంటులలో బ్యాట్ అని కొడితే దొరకదు, అక్కడ దాని పేరు బ్యాట్‌క్యాట్.

పత్రాల్ని సర్దే పాత కమాండ్లు ఎన్‌రాఫ్, గ్రాఫ్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1964లో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రన్ఆఫ్ వీటికి తాత. చాలా లైనక్స్ మెషిన్లలో మీరు చదివే మ్యాన్ పేజీల వెనక ఇప్పటికీ ఇవే ఉంటాయి. కొత్తగా డాక్యుమెంట్లు రాయడానికి వీటిని నేర్చుకోమని ఎవరికీ చెప్పను. మీ స్క్రిప్టుకి మ్యాన్ పేజీ కావాలంటే మార్క్‌డౌన్‌లో రాసి ప్యాన్‌డాక్‌తో ‘మ్యాన్’ రూపంలోకి మార్చుకోండి.

పీడీఎఫ్‌కి పీడీఎఫ్‌టుటెక్స్ట్, పట్టికలుంటే ‘-లేఅవుట్’ ఇచ్చి. తెలుగు పీడీఎఫ్ అయితే ముందు రెండు లైన్లు తీసి చూడండి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పాత పీడీఎఫ్‌లు తెర మీద చక్కటి తెలుగే, లోపల మాత్రం యూనికోడ్ కాదు. టెక్స్ట్ తీస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. దాన్ని ఫోల్డ్ చేసినా, ఎఫ్ఎంటీ చేసినా లాభం లేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

మరి ఏది పెట్టుకోవాలి?

ఒంగోలులోనో, నెల్లూరులోనో ఇంజనీరింగ్ చదువుతూ లైనక్స్ ఇప్పుడే మొదలుపెట్టిన పిల్లలకి లెస్, ఫోల్డ్, ఎఫ్ఎంటీ చాలు. మూడూ దాదాపు ఏ డిస్ట్రోలోనైనా ముందే ఉంటాయి. ప్రాజెక్టు రిపోర్టు మార్క్‌డౌన్‌లో రాసే వాళ్లు ప్యాన్‌డాక్ వేసుకోండి, తర్వాత వర్డ్‌లోకి మార్చి ఇవ్వడానికి ఎలాగూ కావాలి. నాలాగా ఫోన్‌లోంచి సర్వర్లు చూసేవాళ్లకి పెద్ద ఎస్‌తో లెస్, లాగ్‌లకి అదే ప్రాణం. రౌటర్లలాంటి చిన్న పరికరాల్లో బిజీబాక్స్ (చాలా కమాండ్లని ఒకే చిన్న మూటగా కట్టింది) ఉంటుంది. అందులో ఫోల్డ్ దొరుకుతుంది గానీ ఎఫ్ఎంటీ దొరకదు. డెబియన్ కనీస ఇన్‌స్టాల్‌లో కాలమ్ లేకపోతే బీఎస్‌డీ‌ఎక్స్‌ట్రాయుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైలు వస్తే వీటిలో దేనికిచ్చేముందైనా డాస్‌టుయూనిక్స్ నడపండి, లైను చివర విండోస్ పెట్టే అదనపు గుర్తుని అది తీసేస్తుంది.

ఏది ఎంచుకున్నా, సర్దిన రూపాన్ని అదే ఫైలు పేరు మీదికి మళ్లించొద్దు. ‘ఎఫ్ఎంటీ నోట్సు > నోట్సు’ అని కొడితే, ఎఫ్ఎంటీ మొదలయ్యే లోపే షెల్ ఆ ఫైలుని ఖాళీ చేసేస్తుంది, చదవడానికి ఏమీ మిగలదు. వేరే పేరుతో రాసి, చూసుకున్నాక పాతదాని మీదికి మార్చండి. లేదా మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని స్పంజ్‌ని చివర పైపు పెట్టి తగిలించండి, అది మొత్తం చదివాకే రాస్తుంది. తూకాల లాగ్‌ల విషయంలో అది కూడా వద్దు, అసలు ఫైలుకి రాసే హక్కు తీసేసి, కాపీ మీదే పని చేయండి.